బాలు గారి తర్వాత ‘పాడుతా తీయగా’: ఈటీవీ వారికి ఒక బహిరంగ లేఖ

ఈటీవీ యాజమాన్యానికి, ‘పాడుతా తీయగా’ నిర్వాహకులకు,

నమస్కారం.

2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయినప్పుడు, ఆయన పాటల తర్వాత చాలా ఇళ్లలో వచ్చిన మాట ‘పాడుతా తీయగా’ గురించే. ఇక అది అయిపోయినట్టే అనుకున్నాం. 2021 డిసెంబరులో మీరు ఎస్పీ చరణ్ గారిని వేదిక మీదికి తెచ్చి, చంద్రబోస్, సునీత, విజయ్ ప్రకాశ్ గార్లను న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాత కీరవాణి గారు కూడా వచ్చారు, రజతోత్సవ సిరీస్ కూడా చూశాం. ఈ ఉత్తరం మొదట్లోనే రాసి ఉండొచ్చు. కానీ ఆ రోజుల్లో ఏం రాసినా దుఃఖంలో రాసినట్టే ఉండేది. ప్రతి ఎపిసోడ్‌నూ బాలు గారితో పోల్చి పెదవి విరవడం తప్ప మాకు ఇంకేమీ చేతకాలేదు. ఇప్పుడు ఆ వేడి తగ్గింది. మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటూ, అడగాల్సింది అడుగుతూ రాయొచ్చనిపించింది.

నేను పిల్లలకు సంగీతం చెప్పుకునే మనిషిని. కాబట్టి ఇందులో టీఆర్పీ లెక్కలు ఉండవు. ఆ లెక్కలు మీ దగ్గర నాకన్నా బాగానే ఉంటాయి.

ముందు మీరు చేసిన మంచి పని గురించి. మీరు ఆగారు. టీవీలో ఒక స్లాట్ ఖాళీ అయితే వారం తిరక్కుండా ఏదో ఒకటి పెట్టి నింపేస్తారు. మీరు ఏడాదికి పైగా ఆగి, ఆ తర్వాత కూడా పేరు మార్చలేదు, రంగులు పులమలేదు. ఒక సినిమా హీరోను తెచ్చి నిలబెట్టి ఉంటే మొదటి నాలుగు వారాలు ఊరంతా చూసేది. ఐదో వారానికి అది హీరో గారి షో అయిపోయేది, పాడే పిల్లలు ఆయన పక్కన ఫొటో దిగడానికి వచ్చినవాళ్లలా మిగిలేవాళ్లు. మీరు ఆ దారి పట్టలేదు. పాడటం తెలిసిన మనిషినే తెచ్చారు. వేదిక మీద నడిపించేవాడికి శ్రుతి తెలిసి ఉంటే పోటీదారు ఎక్కడ జారాడో ఆ క్షణంలోనే ఆయన ముఖంలో కనిపిస్తుంది. ఆ ముఖాన్ని చూసి ఇంట్లో కూర్చున్నవాళ్లం కూడా ‘ఏదో తేడా వచ్చింది’ అని చెవి రిక్కిస్తాం.

చరణ్ గారి ఎంపిక మీద అప్పుడు ఎన్ని మాటలు వచ్చాయో మీకూ తెలుసు. కొడుకు కాబట్టి తెచ్చారన్నారు. చెన్నైలో పెరిగిన మనిషి తెలుగు ఏం మాట్లాడతాడన్నారు. నాకైతే ఆయనలో నచ్చింది ఒక్కటే, ఆయన తండ్రిని అనుకరించలేదు. ఆ నవ్వు, ఆ విరుపు, ఆ ‘నాన్నా’ అనే పిలుపు అరువు తెచ్చుకుని ఉంటే మూడో వారానికే మొహం మొత్తేది. తన యాసతో, తన తరహాలో, కొంచెం అల్లరిగా మాట్లాడారు. ఆ ధైర్యం ఆయనదే అయినా, దాన్ని దిద్దకుండా వదిలేసిన ధైర్యం మీది.

ఇక ఆర్కెస్ట్రా. ఈ రోజుల్లో ట్రాక్ పెట్టి పాడించడం ఎంత సులువో, ఎంత చవకో సంగీతం వాళ్లందరికీ తెలుసు. మీరు వాయిద్యాలను ఎత్తేయలేదు. ట్రాక్ మీద పాడేవాడికి తప్పు చేసే అవకాశం సగమే. చరణం ఎత్తుగడ అర మాత్ర ఆలస్యమైనా ట్రాక్ తన దారిన తాను పోతుంది, పాడేవాడు పరుగెత్తి అందుకుంటాడు, చూసేవాళ్లకు తెలియదు. ఎదురుగా మనుషులు వాయిస్తుంటే అలా కుదరదు. బీజీఎం ముక్క అయిపోతుండగా తబలా ఆయన తల పైకెత్తి గాయకుడి వైపు చూస్తాడు. ఆ చూపులోనే ‘ఇప్పుడు’ అన్న సైగ ఉంటుంది. దాన్ని అందుకున్నవాడికి పాట కుదురుతుంది. అందుకోనివాడు ఒక్కసారిగా బెదిరిపోతాడు, ఆ బెదురు చరణం అంతా వెంటాడుతుంది. మా పిల్లలకు నేను మొదట చూపించేది ఆ చూపే. దాన్ని కెమెరాకు అందేలా ఉంచినందుకు, సంగీతం నేర్పే వాళ్లందరి తరఫున మీకు దండం పెట్టొచ్చు.

ఎస్ఎంఎస్ ఓట్ల జోలికి పోకపోవడం కూడా చిన్న విషయం కాదు. 2006లో ఇండియన్ ఐడల్‌లో కారుణ్య కోసం, 2010లో శ్రీరామచంద్ర కోసం మనవాళ్లు ఎగబడి ఓట్లు వేశారు. అందులో అభిమానం ఉంది, మన కుర్రాడు అన్న పట్టుదల ఉంది, తప్పులేదు. కానీ ఓటు వేసేవాడు వినేది పాటను కాదు, ఊరిని, ముఖాన్ని, కథను. ఓటింగ్ పెట్టమని మీ మీద ఒత్తిడి రాలేదంటే నేను నమ్మను. ఫోన్ చేతిలో ఉన్న కాలంలో అంతకన్నా తేలికైన ప్రచారం ఇంకోటి లేదు.

ఇంతవరకు బాగుంది. ఇక అసలు విషయం.

మీరు బాలు గారి స్థానంలో వ్యాఖ్యాతను వెతికారు. బాలు గారు వ్యాఖ్యాత కాదు. చేతిలో మైకు పట్టుకుని, పోటీదారును పరిచయం చేసి, అతిథిని ఆహ్వానించి, విరామం ప్రకటించేది వ్యాఖ్యాతే కదా అంటారేమో. ఆ పనులన్నీ ఆయన చేశారు, కానీ అవి ఆయన పైపైన చేసిన పనులు. లోపల చేసింది పాఠం చెప్పడం. 1996లో మొదలైన దగ్గర్నుంచీ ‘పాడుతా తీయగా’ పోటీ రూపంలో నడిచిన క్లాసు. మీరు దాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడు పోటీని నిలబెట్టారు, క్లాసు సంగతి మరిచారు. నా ఫిర్యాదు ఇదొక్కటే. మిగతావన్నీ దీని పిల్లలు.

మిగతా షోలు చేతులు మారడం మనం చూశాం. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ 2000లో అమితాబ్‌తో వచ్చింది. 2007లో షారుఖ్ ఖాన్ వచ్చారు, 2010లో సోనీలో మళ్లీ అమితాబే వచ్చారు. మన దగ్గర 2014లో నాగార్జునతో మొదలైన కోటీశ్వరుడు షో 2017లో చిరంజీవి చేతికి, 2021లో జెమినీకి వెళ్లి ఎన్టీఆర్ చేతికి వచ్చింది. ఎవరు బాగా చేశారన్నది ఎవరి అభిమానం వారిది. కానీ అక్కడ ప్రశ్న ఉంటుంది, నాలుగు జవాబులు ఉంటాయి, లైఫ్‌లైన్లు ఉంటాయి. ఎవరు కూర్చున్నా ఆ చట్రం నడిపిస్తుంది. అమెరికాలో ‘అమెరికన్ ఐడల్’ 2016లో ఫాక్స్‌లో ముగిసి 2018లో ఏబీసీలో లేచినప్పుడు న్యాయనిర్ణేతలందరూ కొత్తవాళ్లు, పాత వ్యాఖ్యాత ర్యాన్ సీక్రెస్ట్ ఒక్కడిని మాత్రం వదులుకోలేదు. గుర్తుపట్టడానికి ఒక ముఖం చాలనుకున్నారు. మీకు ఆ వెసులుబాటు లేదు. మీకు అలాంటి చట్రమూ లేదు. ‘పాడుతా తీయగా’లో ఉన్నదల్లా ఒక వేదిక, వాయిద్యాలు, పాడే పిల్లలు, పాట అయ్యాక మాట్లాడే ఒక మనిషి. ఆ మాటే చట్రం.

ఆ మాటలో ఏముండేదో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనం ‘ఆయన చాలా బాగా మాట్లాడేవారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. పాట మొదలయ్యే ముందు ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు, ఎవరు పాడారు అన్నది చెప్పేవారు. అది సమాచారం, ఎవరైనా కాగితం చూసి చెప్పొచ్చు. తర్వాత ఆ పాట రికార్డింగ్ నాటి ముచ్చట ఒకటి వచ్చేది. పాట పుట్టిన గదిలో ఉన్న మనిషి కాబట్టి అది ఆయనకే సాధ్యం, దాన్ని మీరు ఎలాగూ తిరిగి తేలేరు. అసలు విలువైనది పాట అయ్యాక వచ్చేది. పిల్లవాడు పొరపాటున శ కు బదులు స పలికితే అక్కడే పట్టుకునేవారు. ఒత్తు పలకడం రాకపోతే పలికించేవారు. మాట మధ్యలో ఊపిరి తీసుకుని పదాన్ని విరిచేస్తే, ఎక్కడ తీసుకోవాలో తాను పాడి చూపించేవారు. పై స్థాయికి వెళ్లేటప్పుడు మైకును ఎంత దూరం జరపాలో చెప్పేవారు. పాటలో నవ్వు ఎక్కడుందో, అది నోటితో నవ్వేది కాదని, గొంతులో మాత్రమే వినపడాలని చెప్పేవారు. వినే మనకు కూడా సగం సంగీతం అలాగే వచ్చింది. మా అమ్మ తరంలో సంగీతం ఒక్క రోజూ నేర్చుకోని ఆడవాళ్లు ‘ఈ పిల్ల అనుస్వరం మింగేసింది’ అని, అసలు స్వరాన్ని ఆనుకుని వచ్చే చిన్న స్వరాన్ని కూడా పట్టేవాళ్లంటే అది ఆ క్లాసు పుణ్యమే.

తిట్టు కూడా ఉండేది. సాహిత్యం అర్థం తెలుసుకోకుండా పాడొచ్చినవాళ్లకు ఆయన నవ్వుతూనే గట్టిగా పెట్టేవారు. ఆ చీవాట్లు తిన్నవాళ్లు మరుసటి వారం దిద్దుకుని వచ్చేవాళ్లు. ప్రేక్షకుడికి అదే కథ. పోయిన వారం ఇక్కడ తప్పాడు, ఈ వారం ఎలా పాడతాడో చూద్దాం అని కూర్చునేవాళ్లం. సస్పెన్స్ కోసం మీరు వేరే ఏ ఏర్పాటూ చేయాల్సిన అవసరం రాలేదు.

బాలు గారికి ఈ తీరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గుర్తు చేసుకోవచ్చు. ఆయన కూడా పోటీల నుంచి వచ్చినవారే. మద్రాసులో ఒక పాటల పోటీలో ఆయన గొంతు విన్న సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి గారు ‘బాగా పాడావు’ అని మెచ్చుకుని వదిలేయలేదు. వెంటబెట్టుకుని తిప్పి, 1966 డిసెంబరులో తొలి సినిమా పాట పాడించారు. అందుకే తర్వాత బాలు గారు తన రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి పేరే పెట్టుకున్నారు. మార్కులు వేసినవాడే చెయ్యి పట్టుకుని నడిపించడం ఆయన తన జీవితంలో చూసిన సంగతి. ‘పాడుతా తీయగా’లో ముప్ఫై ఏళ్ల తర్వాత ఆయన చేసింది అదే పని.

ఇప్పుడు ఆ పనిని నలుగురికి పంచారు. చరణ్ గారు నడిపిస్తారు, ముగ్గురు కూర్చుని వింటారు. కాగితం మీద ఇది చక్కగానే ఉంది. సాహిత్యానికి ఒకరు, గాత్రానికి ఇద్దరు. నిజానికి ఇంతకన్నా మంచి ఎంపిక కష్టం. చంద్రబోస్ గారు, సునీత గారు ఇద్దరూ 1995లో సినిమాల్లోకి వచ్చారు, మీ ఛానల్ కూడా ఆ ఏడాదే పుట్టింది. కీరవాణి గారి తొలి సినిమాల్లో ఒకటైన 1990 నాటి ‘మనసు మమత’ రామోజీరావు గారు తీసిందే. 2023లో కీరవాణి, చంద్రబోస్ ఇద్దరూ ఆస్కార్ అందుకున్నారు. ఒకే పాటకు ఆస్కార్ తెచ్చిన స్వరకర్త, రచయిత పక్కపక్కన కూర్చుని మన ఊళ్ల పిల్లల పాట వింటున్నారంటే అది ఏ భాషలో ఏ ఛానల్‌కు దొరికింది?

దొరికింది కానీ వాడుకోవడం లేదు. పని పంచేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుంది. ఉమ్మడి ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి నలుగురు కోడళ్లూ హాల్లో కూర్చున్నట్టు. తప్పు దిద్దడం వ్యాఖ్యాత పని అని న్యాయనిర్ణేతలు అనుకోవచ్చు. ఆ మాట న్యాయనిర్ణేతలు చెబుతారులే అని వ్యాఖ్యాత అనుకోవచ్చు. ముగ్గురూ ఒకే పాట మీద మాట్లాడాలి కాబట్టి ఎవరికి దొరికే టైమ్ అయినా నిమిషమో, నిమిషంన్నరో. ఆ కాస్తలో ముందు పలకరింపు, తర్వాత అభినందన, చివర్లో ‘అక్కడక్కడ చిన్న చిన్నవి ఉన్నాయి, చూసుకో’ అన్న ముక్క. ఎక్కడెక్కడ? ఏవి చిన్నవి? మేం అడగాలనుకునేది అదే. చంద్రబోస్ గారు ఒక పంక్తిలో పదం ఎందుకు అక్కడ పడిందో చెప్పడం మొదలుపెట్టినప్పుడు, విజయ్ ప్రకాశ్ గారు ఒక సంగతిని, అంటే పాటలో పంక్తిని తిప్పి పాడే తీరును, మూడు రకాలుగా పాడి చూపించినప్పుడు నేను వాల్యూమ్ పెంచిన సందర్భాలు ఉన్నాయి. అలాంటివి వచ్చిన ప్రతిసారీ కార్యక్రమం తన పాత వంశానికి చెందినదేనని తెలుస్తుంది. ఇంకాసేపు మాట్లాడనిస్తే బాగుండేది అనుకుంటుండగానే సంగీతం మోగుతుంది, తర్వాతి పోటీదారు వస్తాడు.

మా దగ్గర నేర్చుకునే ఒక ఇంటర్ అమ్మాయి ఫోన్‌లో పాత ఎపిసోడ్లు పెట్టుకుని వింటుంది. దాని పక్కన ఒక రూళ్ల నోట్‌బుక్. ఎడమ పేజీలో పాట సాహిత్యం, కుడి పేజీలో బాలు గారు ఎవరికో చెప్పిన సవరణలు. ‘రెండో చరణం మొదట్లో ఊపిరి దాచుకోవాలి’, ‘పల్లవి తిరిగి వచ్చినప్పుడు మొదటిసారిలా పాడకూడదు’, ఇలా. ఇరవై ఏళ్ల కిందట ఎవరో పిల్లవాడికి చెప్పిన మాట ఇవాళ ఈ పిల్లకు పనికొస్తోంది. కొత్త సిరీస్ ఎపిసోడ్లు కూడా అదే శ్రద్ధతో చూస్తుంది, పాటలు నేర్చుకుంటుంది. కుడి పేజీ మాత్రం చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. ఒక పేజీలో ‘బ్యూటిఫుల్’ అని రాసి, దాన్నే మళ్లీ కొట్టేసింది.

పొగడ్త గురించి ఒక మాట. పిల్లల మనసు నొప్పించకూడదన్న మంచి ఉద్దేశం ఇందులో ఉందని నాకు తెలుసు. సోషల్ మీడియా కాలంలో ఒక్క గట్టి మాట అంటే దాన్నే కత్తిరించి వారం రోజులు తిప్పుతారు, న్యాయనిర్ణేతల భయం కూడా న్యాయమైనదే. కానీ అందరినీ ఆకాశానికి ఎత్తేస్తే ఎలిమినేషన్ రోజున ఆ పొగడ్తే ఎదురు తిరుగుతుంది. ఎనిమిది వారాలు ‘అద్భుతం’ అనిపించుకున్నవాళ్లను తొమ్మిదో వారం పంపేస్తే, వాళ్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఏమని అర్థమవుతుంది? ఏదో జరిగిందనే కదా. తప్పు ఎప్పటికప్పుడు చెబుతూ వచ్చి ఉంటే ఆ రోజు బాధ ఉంటుంది కానీ అనుమానం ఉండదు.

2025 ఏప్రిల్‌లో జరిగింది ఇక్కడ ఎత్తక తప్పదు. రజతోత్సవ సిరీస్ నుంచి బయటికి వచ్చిన ఒక గాయని న్యాయనిర్ణేతల మీద, నిర్మాణ సంస్థ మీద బహిరంగంగా ఆరోపణలు చేశారు. అటువైపు వాళ్లు వాటిని ఖండించారు. తీర్పు చెప్పడం నా పని కాదు, ఈ ఉత్తరం పని కూడా కాదు. నాకు కష్టంగా అనిపించింది ఆ గొడవ నడిచిన తీరు. రోజుల తరబడి తెలుగువాళ్లు రెండు జట్లుగా చీలి వాదించుకున్నారు. ఆ వాదనల్లో ఫలానా పాటలో ఫలానా చోట శ్రుతి నిలిచిందా, తప్పిందా అన్నది ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడటానికి మా చేతిలో ఏముంది? ఏ పాటకు ఎందుకు ఎక్కువ, ఏ పాటకు ఎందుకు తక్కువ అన్నది మాకు అర్థమయ్యేలా చెప్పి ఉంటే, కనీసం సగం మందైనా ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుని విని ఉండేవాళ్లు. చెప్పని చోట ఊహలు చొరబడతాయి.

దీనికి మందు పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. మార్కులు విడగొట్టి చూపించండి. శ్రుతికి ఎంత, లయకు ఎంత, ఉచ్చారణకు ఎంత, భావానికి ఎంత. ప్రతి న్యాయనిర్ణేత వేసింది విడిగా కనిపించాలి. ముగ్గురి మధ్య తేడా వస్తే రానివ్వండి. ఒకాయన భావానికి తొమ్మిది వేసి, ఇంకొకాయన ఆరు వేస్తే అందులో పరువు పోయేదేమీ లేదు. ఎందుకు ఆరు వేశారో ఆయన చెబితే అంతకన్నా మంచి ఎపిసోడ్ ఉండదు. సంగీతంలో అభిప్రాయ భేదం రాకపోతేనే వింత.

పాటల ఎంపిక విషయంలో కూడా మీరు అనవసరంగా మాట పడుతున్నారు. ఫలానా అమ్మాయికి ఎప్పుడూ అలాంటి పాటలే ఎందుకు, ఫలానా సంగీత దర్శకుడి పాటలు ఎందుకు రావు అని ప్రేక్షకులు అడుగుతూనే ఉంటారు. పాట హక్కులు ఆడియో కంపెనీల దగ్గర ఉంటాయి. ఛానల్‌కు అనుమతి ఉన్న పాటలే ప్రసారం చేయగలరు, యూట్యూబ్‌లో పెట్టాలంటే ఇంకో తంటా. ఇది దాచుకోవాల్సిన రహస్యం ఏమీ కాదు. సిరీస్ మొదటి రోజునే చరణ్ గారితో రెండు నిమిషాలు చెప్పించండి: ఇవీ మా దగ్గర హక్కులున్న పాటలు, ఇందులోంచి పోటీదారు ఇన్ని ఎంచుకోవచ్చు, ఇన్ని మేం ఇస్తాం అని. మన ప్రేక్షకుడికి సినిమా బడ్జెట్ నుంచి ఓటీటీ రేట్ల దాకా అన్నీ నోటికి వచ్చు. ఆడియో హక్కులు అర్థం కావా?

ప్రోమోల గురించి ఎక్కువ చెప్పను. ముప్ఫై సెకన్ల ప్రోమోలో ఒక జోకు, ఒక కన్నీటి చుక్క, ఒక చప్పట్ల మోత పెట్టాలన్నది ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎప్పుడో చట్టమైపోయినట్టుంది. ఒక్కసారి ఆ ముప్ఫై సెకన్లూ కోత లేకుండా పాటకే ఇచ్చి చూడండి. అంతే.

ఇక నేను అడిగేవి. మొదటిది, ఎపిసోడ్‌కు పాటలు తగ్గించండి. ఒకటో రెండో తగ్గితే ఎవరూ ఛానల్ మార్చరు. ఆ మిగిలిన సమయాన్ని పాట అయ్యాక మాటకు ఇవ్వండి. రెండోది, ప్రతి పాటకూ ముగ్గురూ మాట్లాడక్కర్లేదు. ఈ పాట చంద్రబోస్ గారిది, ఈ పాట సునీత గారిది అని ముందే పంచుకుంటే, ఒక్కరే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి దిద్దవచ్చు. సునీత గారు స్టూడియోలో ఒక పంక్తిని ఎన్ని రకాలుగా పాడి చూసి ఒకటి ఎంచుకుంటారో, డబ్బింగ్ చెప్పిన అనుభవం పాటలో మాటను ఎలా మార్చిందో ఆవిడ నోట వినాలని నాకు ఎంత కోరికో. అవి పొగడ్తల మధ్య ఇరుక్కుని బయటికి రావడం లేదు. మూడోది చరణ్ గారి గురించి. ఆయన్ను పరిచయాలకూ సరదాలకూ పరిమితం చేయకండి. ఆయన పాడతారు, సినిమాలు నిర్మించారు, రికార్డింగ్ థియేటర్లలో పెరిగారు. పోటీదారు తప్పు చేసినప్పుడు ‘ఇంకోసారి ఆ లైను పాడు’ అని అడిగే హక్కు ఆయనకు ఇవ్వండి. రెండోసారి సరిగ్గా పాడితే మార్కులు మారక్కర్లేదు. పాట మధ్యలో తప్పు దిద్దుకోవడం టీవీలో కనిపిస్తే చాలు. ఇది నాన్నగారి పద్ధతి కదా, అనుకరణ అంటారేమో అని ఆయన మొహమాటపడొచ్చు. అది బాలు గారి సొంతమేమీ కాదు, పాట నేర్పే ప్రతి ఇంట్లో జరిగేదే.

ఇంకోటి, ఎలిమినేట్ అయినవాళ్ల గురించి. వేదిక మీద ఒక మెమెంటో ఇచ్చి పంపేస్తున్నారు. టీవీలో చూపించకపోయినా పర్వాలేదు, వెళ్లేవాళ్లకు అరగంట ఒక న్యాయనిర్ణేతతో కూర్చునే అవకాశం ఇవ్వండి. ఎక్కడ తగ్గింది, ఏ రాగం మీద పని చేయాలి, గొంతు ఏ స్థాయిలో అలసిపోతోంది, ఇవి చెప్పి పంపండి. గెలిచినవాడికి ఎలాగూ అవకాశాలు వస్తాయి. ఐదో స్థానంలో ఇంటికి వెళ్లిన పిల్లకు ఆ అరగంటే ఏడాది పనికి సరిపోతుంది.

చివరిగా మీ భోషాణం గురించి. 1996 నుంచి రికార్డు చేసిన ఎపిసోడ్లు మీ దగ్గర ఎన్ని భద్రంగా ఉన్నాయో మీకే తెలియాలి. ఇప్పుడు అవి అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతున్నాయి, కొన్ని ఎవరో టీవీ ముందు ఫోన్ పెట్టి తీసుకున్నవి, సగం నుంచి మొదలయ్యేవి. ఎక్కువగా తిరిగేవి పాట క్లిప్పులే, ఆ తర్వాత ఆయన మాట్లాడిన ముక్క ఉండదు. అన్నీ వరసగా పెట్టండి. పాట పేరు, రచయిత, స్వరకర్త, ప్రసారమైన తేదీ వేసి, వెతికితే దొరికేలా పెట్టండి. ఫలానా పాట మీద బాలు గారు ఏమన్నారో చూడాలనుకున్న పిల్లకు రెండు నిమిషాల్లో దొరకాలి. హక్కులు లేక పాట పెట్టలేని చోట పాట తీసేసి మాట మాత్రమే పెట్టండి, మేం ఏమీ అనుకోం. మీ ఓటీటీ ఈటీవీ విన్‌లో పెట్టి చందా కట్టమన్నా కడతాం. తర్వాతి సిరీస్ ఆడిషన్లు ప్రకటించే లోపు కనీసం మొదటి పదేళ్లవైనా పెట్టగలిగితే, నా దగ్గరికి వచ్చే పిల్లలు వాటిని వినే వేదిక ఎక్కుతారు.

ఇట్లు,
మీ కార్యక్రమాన్ని మొదటి నుంచీ చూస్తున్న ఒక సంగీతం టీచరు